జీపు ఇరుసులో పళ్ళు ఎందుకు మారాయి? యుద్ధం నుంచి పొలం దాకా

ఈ రోజు ఎపిసోడ్ బండి కిందకి వంగి చూస్తే తప్ప కనపడని ఒక వస్తువు గురించి.

జీపు గానీ, ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ గానీ ఎప్పుడైనా వెనక నుంచి వంగి చూడండి. రెండు చక్రాల మధ్య ఇరుసు ఉంటుంది కదా, దాని నడుమ కొబ్బరిబోండం అంత ఉబ్బు ఒకటి కనిపిస్తుంది. అదే డిఫరెన్షియల్. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు ఇరుసుకు కూడా ఇంకోటి ఉంటుంది. మన కుర్రాళ్ళు పెద్ద టైర్లు వేయించుకుని, ఆ తర్వాత "బండి లాగట్లేదు బ్రో" అని మెకానిక్ దగ్గరికి పరిగెత్తేది దీని వల్లే. ఆయన "క్రౌన్ పినియన్ మార్చాలి" అంటాడు. ఎందుకు మార్చాలి? మారిస్తే ఏం వస్తుంది, ఏం పోతుంది? ఈ ప్రశ్నకు జవాబు చరిత్రలో చాలా శుభ్రంగా దొరుకుతుంది. రండి.

ముందు ఎద్దులబండి దగ్గర మొదలుపెడదాం. ఎద్దులబండిలో ఇరుసు తిరగదు. చక్రాలే ఇరుసు మీద దేని దారిన అది తిరుగుతాయి. బండి మలుపు తిరిగేటప్పుడు బయటివైపు చక్రం ఎక్కువ దూరం వెళ్ళాలి, లోపలివైపుది తక్కువ. అయినా ఇబ్బంది లేదు. ఎందుకంటే లాగేది ఎద్దులు, చక్రాలు కాదు.

అసలు చిక్కు ఇంజిన్ వచ్చాక మొదలైంది. ఇంజిన్ చక్రాన్నే తిప్పాలి. రెండు చక్రాలనూ ఒకే ఇరుసుకు బిగించేసి తిప్పారనుకోండి, మలుపులో ఏదో ఒక చక్రం నేలమీద గీసుకుంటూ పోవాల్సిందే. ఒక్క చక్రాన్నే తిప్పితే బండి ఓ పక్కకి లాగేస్తుంది.

దీనికి పరిష్కారం చూపించింది ఒనెసిఫోర్ పెకర్ అనే ఫ్రెంచి ఆయన. గడియారాల పని నేర్చుకున్న మనిషి. 1820ల చివర్లో, ఆవిరి బండి కోసం ఈ డిఫరెన్షియల్ ఏర్పాటుకు పేటెంట్ తీసుకున్నాడు. అంటే కారు పుట్టడానికి యాభై ఏళ్ళకు పైగా ముందే! ఆ తర్వాత 1877లో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ దీన్ని పెడల్ తొక్కే బండ్లకు తెచ్చాడు. దీని మీద ఒక కథ చెప్పుకుంటారు. స్టార్లీ, ఆయన కొడుకు పక్కపక్కన కూర్చుని తొక్కే బండి మీద వెళ్తున్నారట. ఒక్కొక్కరు ఒక్కో చక్రాన్ని తొక్కుతున్నారు. కొడుకు కుర్రాడు, బలంగా తొక్కేసరికి బండి వంకరపోయి ఇద్దరూ పొదల్లో పడ్డారట. కథ సంగతి ఎలా ఉన్నా సమస్య మాత్రం నిజం. 1886లో కార్ల్ బెంజ్ పేటెంట్ తీసుకున్న మూడు చక్రాల కారులో కూడా డిఫరెన్షియల్ ఉంది.

ఇది చేసే పని రెండు ముక్కల్లో చెప్తాను. ఒకటి, రెండు చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగడానికి ఒప్పుకుంటుంది. రెండు, రెండింటికీ బలం మాత్రం సమానంగా పంచుతుంది. లోపల ఉండే చిన్న గేర్లను మన షెడ్లలో స్టార్ గేర్లు అంటారు. ఈ పంపకం చేసేది అవే.

సమానంగా పంచడం మంచిదే కదా అనిపిస్తుంది. బురదలోకి వెళ్ళేదాకా మంచిదే. ఒక చక్రం బురదలో, ఒకటి గట్టి నేల మీద ఉందనుకోండి. బురదలో చక్రం జర్రున తిరిగిపోతుంది. దాన్ని తిప్పడానికి బలమే అక్కర్లేదు. దానికి ఎంత తక్కువ బలం వెళ్తుందో, గట్టి నేల మీద ఉన్న చక్రానికి కూడా అంతే వెళ్తుంది. బండి కదలదు. మలుపులో మనల్ని కాపాడిన గుణమే బురదలో ముంచేస్తుంది అనమాట.

"మరి నాలుగు చక్రాలూ తిప్పితే?" అన్నారు జనం. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో క్లింటన్‌విల్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడ జాకౌ, బెస్సర్‌డిచ్ అనే ఇద్దరు బావాబావమరుదులు నాలుగు చక్రాలూ లాగే బండి చేశారు. 1908లో పేటెంట్ వచ్చింది. ఆ కంపెనీ ట్రక్కులు మొదటి ప్రపంచ యుద్ధంలో వేల సంఖ్యలో పనిచేశాయి.

తర్వాత 1940. యూరప్‌లో యుద్ధం నడుస్తోంది. అమెరికా సైన్యానికి తేలికపాటి ఫోర్ వీల్ డ్రైవ్ బండి కావాలి, అదీ వెంటనే. పెన్సిల్వేనియాలో బాంటమ్ అనే చిన్న కంపెనీ 49 రోజుల గడువులో మొదటి నమూనా తయారుచేసి ఇచ్చింది. ఇరుసులు కొత్తగా తయారుచేసేంత టైమ్ ఎక్కడిది? అందుకే స్టూడీబేకర్ ఛాంపియన్ అనే మామూలు కారు ఇరుసును కాస్త మార్చి, స్పైసర్ కంపెనీ దగ్గర చేయించుకున్నారు. ఆ తర్వాత విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి యుద్ధకాలంలో 6 లక్షలకు పైగా జీపులు చేశాయి.

ఇప్పుడు అసలు విషయం. విల్లీస్ సైనిక జీపు, అంటే ఎంబీ మోడల్, ఇరుసు రేషియో 4.88. దీని అర్థం సింపుల్. ఇంజిన్ వైపు నుంచి వచ్చే చిన్న గేరు పినియన్. దానికి 8 పళ్ళు. అది తిప్పే పెద్ద పళ్ళచక్రం క్రౌన్. దానికి 39 పళ్ళు. 39ని 8తో భాగించండి. చక్రం ఒక్కసారి తిరగాలంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ దాదాపు 4.88 సార్లు తిరగాలి. ఉన్నది 60 హార్స్‌పవర్ ఇంజిన్. సైన్యానికి లాగుడూ కావాలి, రోడ్డు మీద గంటకు 100 కిలోమీటర్ల వేగమూ కావాలి. 4.88 ఆ రెంటికీ మధ్య కుదిరిన రాజీ.

1945లో యుద్ధం అయిపోయింది. మరి ఇన్ని జీపులు చేసిన ఫ్యాక్టరీ ఇప్పుడు ఎవరికి అమ్మాలి? రైతుకి! అలా వచ్చిందే పౌరుల జీపు, సీజే-2ఏ. వెనక తలుపు పెట్టారు, పొలం యంత్రాలు తిప్పే ఏర్పాటు ఇచ్చారు. బయటికి కనపడని మార్పు మాత్రం ఇరుసులో చేశారు. పినియన్‌కు అవే 8 పళ్ళు. క్రౌన్‌కు 39 బదులు 43. రేషియో 5.38 అయ్యింది. ట్రాన్స్‌ఫర్ కేసులో లో గేరు కూడా 1.97 నుంచి 2.43కి మార్చారు. గేర్‌బాక్స్‌ కూడా మారింది.

అన్నీ కలిపి లెక్కేద్దాం. మొదటి గేరు, లో రేంజ్. సైనిక జీపులో చక్రం ఒకసారి తిరగడానికి ఇంజిన్ సుమారు 26 సార్లు తిరగాలి. రైతు జీపులో 36 సార్లకు పైగా. అంటే అదే సైజు ఇంజిన్ నాగలిని నిదానంగా, గట్టిగా లాగగలదు. ఊరికే వచ్చిందా? రాలేదు. రోడ్డు మీద అదే వేగానికి ఇంజిన్ ఎక్కువ తిరగాలి, ఎక్కువ అరవాలి, ఎక్కువ తాగాలి. సైనికుడి వేగాన్ని ఇచ్చి రైతు బలాన్ని కొనుక్కున్నాడు. ఇరుసు చరిత్ర మొత్తం ఇలాంటి బేరమే. 1947లో విల్లీస్ ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ కూడా దించింది. ఇవాళ మనం చూసే ఫోర్ బై ఫోర్ పికప్‌లకు అది పెద్దన్న లాంటిది. మన దేశంలో మహీంద్రా విల్లీస్ జీపులు బిగించడం మొదలైంది కూడా ఆ కాలంలోనే. మీ తాతగారిని అడగండి, బీడీఓ గారి జీపు ఊళ్ళోకొస్తే వెనకాల పరిగెత్తిన కథ చెప్తారు.

సరే, ఇవాళ్టికి వద్దాం. 28 అంగుళాల టైరు తీసి 31 అంగుళాలది వేశారు. చక్రం చుట్టుకొలత దాదాపు 11 శాతం పెరిగింది. ఇంజిన్‌కు లాగుడు అంతే తగ్గింది. పాత స్పీడోమీటర్ 80 చూపిస్తుంటే మీరు నిజానికి 88 దాటి వెళ్తున్నారు. బ్రేకులు మాత్రం పాతవే. ఇప్పుడు 4.88 తీసి 5.38 వేస్తే ఆ లెక్క దాదాపు సరిపోతుంది. చూశారా, 1945లో రైతు కోసం చేసిన మార్పే ఇది.

కానీ ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ఖర్చు తగ్గుతుందని వెనక ఇరుసుకే మార్పించి ముందుది వదిలేస్తారు కొందరు. పాత జీపుల పద్ధతి ఫోర్ వీల్ డ్రైవ్‌లో, లివర్ వేయగానే ముందు షాఫ్ట్, వెనక షాఫ్ట్ ఒకదానికొకటి బిగుసుకుంటాయి. ముందు 4.88, వెనక 5.38 ఉంటే కిలోమీటరుకి 90 మీటర్లకు పైగా తేడా. ఆ తేడా ఎక్కడికి పోవాలి? టైర్లు గీసుకోవాలి, లేదా లోపల ఏదో ఒకటి విరగాలి. ఘాట్ రోడ్డు మీద విరిగితే మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. మార్చితే రెండు ఇరుసులూ మార్చాలి. లేదంటే అసలు ముట్టుకోవద్దు.

క్రౌన్, పినియన్ జంటగా తయారవుతాయి, జంటగానే కొనాలి. ఒకటి పాతది, ఒకటి కొత్తది కలపకూడదు. బిగించేటప్పుడు పినియన్ ఎంత లోపలికి ఉండాలో సిమ్ములు పెట్టి సరిచేస్తారు. పళ్ళ మధ్య సందు మిల్లీమీటరులో చిన్న వంతే ఉంటుంది. అది డయల్ గేజీతో కొలవాలి, చేత్తో ఊపి చూసి "సరిపోయింది అన్నా" అంటే కుదరదు. తర్వాత పళ్ళకు రంగు పూసి, తిప్పి, ఎక్కడ ఒరుసుకుంటోందో చూస్తారు. ఈ పనులు చేయని షెడ్డులో బండి ఇస్తే, కొన్నాళ్ళకే ఇరుసు ఈల వేయడం మొదలుపెడుతుంది.

సెకండ్ హ్యాండ్ జీపు కొనేవాళ్ళకి ఒక చిట్కా. గేరు న్యూట్రల్‌లో పెట్టండి, ట్రాన్స్‌ఫర్ కేసు కూడా న్యూట్రల్ చేయండి. నేల మీద ఉండే చక్రాలకు రాళ్ళు గట్టిగా అడ్డం పెట్టండి. ఒకే చక్రాన్ని జాకీతో లేపి, స్టాండ్ పెట్టండి. బండి కిందకి దూరకండి. లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. పక్కన ఒకరు ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. ఐదుకు కాస్త తక్కువ వస్తే 4.88, ఐదు దాటి ఇంకో మూడో వంతు పైన తిరిగితే 5.38. రెండు చుట్లు ఎందుకంటారా? ఒక చక్రం ఆగి ఉంటే, రెండోది రెండింతలు తిరిగితేనే క్రౌన్ ఒక చుట్టు తిరుగుతుంది. స్టార్ గేర్ల పంపకం అదే. లాక్ ఉన్న డిఫరెన్షియల్ అయితే ఈ లెక్క పనిచేయదు. ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా చూసి, రెండు అంకెలూ ఒకటేనా అని పోల్చండి. తేడా ఉంటే బేరం అక్కడితో ఆపేయండి.

మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ అని ఒకటుంది, బండి మార్పుల గురించి. ఏదైనా మార్చే ముందు ఆర్టీఓ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

1945లో ఇంజనీర్లు జీపును రైతుకు ఇచ్చేముందు ఒక ప్రశ్న వేసుకున్నారు: ఈ బండి ఇక ఏం పని చేయాలి? పళ్ళ లెక్క ఆ తర్వాతే తేల్చారు. మీరు కూడా టైరు కొనేముందు అదే ప్రశ్న వేసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో డిఫరెన్షియల్ లాక్ ఎలా పుట్టిందో చెప్పుకుందాం. ఉంటాను మరి.