షోలాపూర్ నుంచి చైనాకు పోయిన డాక్టరు

నేను బడిలో చదివింది తమిళం. తెలుగు రాయడం ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నాను. తప్పులుంటే సరిదిద్దండి.

పోయిన నెల మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, వాడు ఆఫ్రికాకు పోతానంటున్నాడు. రెండేళ్ళు జీతం లేని సేవంట. నీ మాటయితే వింటాడు, వద్దని చెప్పు" అన్నాడు. పిల్లవాడికి 24 ఏళ్ళు, నర్సింగ్ చదివాడు. తమ్ముడికి గుండెలో స్టెంటు వేసి ఏడాదే అయింది. సరే చెప్తానన్నాను. రాత్రి పడుకుంటే షోలాపూర్ గుర్తొచ్చింది.

మా అరక్కోణం నుంచి బొంబాయి మెయిలెక్కితే దారిలో వచ్చే ఊరు. మనకు షోలాపూరంటే దుప్పట్లు, మగ్గాలు, అక్కడ స్థిరపడిన మన పద్మశాలీలు. ఆ ఊళ్ళోనే 1910లో ఒక మరాఠీ ఇంట్లో ద్వారకానాథ్ కోట్నీస్ పుట్టాడు. బొంబాయిలో డాక్టరు చదివాడు.

1937లో జపాన్ చైనా మీద పడింది. చైనా సేనాని జూ దే సాయం కోరుతూ నెహ్రూకు జాబు రాశాడు. 1938లో కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఉన్న సుభాష్ బోస్ డాక్టర్లు కావాలని పిలుపిచ్చాడు. ఆ సెప్టెంబరులో ఐదుగురు ఓడెక్కారు: అటల్, చోల్కర్, ముఖర్జీ, బసు, కోట్నీస్. కోట్నీస్‌కు అప్పటికి 28 కూడా నిండలేదు. చైనా అంటే పట్టు అమ్ముకోవడానికి వచ్చేవాళ్ళు తప్ప ఇంకేమీ తెలియని ఇల్లు అది.

అక్కడికి పోయాక తండ్రి చనిపోయిన కబురొచ్చింది. అయినా ఆయన తిరిగి రాలేదు. ఇది చదివిన ప్రతిసారీ నాకు మనసు ఒప్పదు. తలకొరివి పెట్టాల్సిన వయసు కొడుకు కదా! కానీ ఎదురుగా గాయపడిన సిపాయిలు వరసగా పడి ఉన్నారు. ముగ్గురు డాక్టర్లు ముందే తిరిగొచ్చేశారు. బసు, కోట్నీస్ నిలిచారు. 1940లో ఒక పోరులో 72 గంటలు ఆపకుండా ఆపరేషన్లు చేశాడని చెప్తారు. 1941లో బెత్యూన్ పేరు పెట్టిన ఆసుపత్రికి పెద్ద అయ్యాడు. అక్కడే నర్సింగ్ నేర్పే గువో చింగ్లాన్‌ను పెళ్ళాడాడు. కొడుక్కి యిన్‌హువా అని పేరు. యిన్ అంటే ఇండియా, హువా అంటే చైనా. బిడ్డకు నాలుగు నెలలు నిండకముందే, 1942 డిసెంబరు 9న, మూర్ఛ జబ్బుతో 32 ఏళ్ళకే పోయాడు.

మరి ఏం మిగిలింది? 1962లో రెండు దేశాలూ యుద్ధం చేసుకున్నాయి. అయినా షిజియాజువాంగ్‌లో ఆయన సమాధికి ఇప్పటికీ పూలు పెడతారు. చైనా నాయకులు మన దేశానికొస్తే కోట్నీస్ ఇంటివాళ్ళను కలిసి పోయారు. బసు తిరిగొచ్చి, తర్వాత మళ్ళీ చైనాకు వెళ్ళి ఆక్యుపంక్చర్ నేర్చుకొని కలకత్తాలో ఆ వైద్యం మొదలుపెట్టాడు. పడుచుతనంలో చేసిన నాలుగేళ్ళ సేవ ఇన్నేళ్ళు నడిచింది. దాని బరువు మాత్రం షోలాపూర్‌లో ఒక ఇల్లు మోసింది. రెండూ నిజమే. ఒకటి చెప్పి ఒకటి దాచకూడదు.

పిల్లవాడికి వద్దని చెప్పలేదు. ఈ కథ మొత్తం చెప్పి, "పోతే పో. కానీ నాతో చెప్పించకు. మీ నాయన పక్కన కూర్చొని, ఆయన భయమేందో పూర్తిగా విని, అప్పుడు పో" అన్నాను. తమ్ముడు నాతో పదిరోజులు మాట్లాడలేదు. నిన్న ఫోన్ చేసి, పాస్‌పోర్టుకు ఏమేం కాగితాలు కావాలని అడిగాడు.