నిపుణుని మాటకు తూకమెంత?

పాత కడప జిల్లాలోని మంగంపేటలో ముగ్గురాయి దొరుకుతుంది. దాని విలువంతా బరువులోనే ఉంది. చమురుబావులు తవ్వేటప్పుడు ఆ రాతిపిండిని బురదలో కలుపుతారు. ఆ బురద బరువు భూమిలోపలి నుంచి తన్నుకొచ్చే ఒత్తిడిని అణచిపెడుతుంది. ఆ గని గట్టున నిలబడినప్పుడల్లా నాకొక ప్రశ్న తోస్తుంది. రాయి బరువు తూచవచ్చు. పదిమంది కూడి నిర్ణయం చేసేచోట, తెలిసినవాని మాట బరువు తూచేదెట్లా?

మన విద్యార్థి మిత్రులలో దీనికి రెండు జవాబులు వినిపిస్తాయి. నిపుణుడు చెప్పిందే వేదమంటారు కొందరు. నిపుణుడు పాలకుల మనిషి, ప్రజలకే అన్నీ తెలుసునంటారు మరికొందరు. రెండూ తొందరపాటు మాటలే. ఈ జిల్లా చరిత్రనే సాక్ష్యానికి పిలుద్దాం.

1876లో వానలు తప్పాయి. కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలను ధాత కరువు పట్టుకున్నది. ఖర్చు పెరిగిపోతున్నదని వైస్రాయి లిట్టన్ 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసుకు పంపాడు. కరువు పనిలో మట్టి మోసే మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యం వెల, దానిపైన ఒక అణా, ఇంత కూలి చాలునని టెంపుల్ తేల్చాడు. పౌను అంటే అరకిలోకు కూడా తక్కువే. మద్రాసు సానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ దీనిని ఎదిరించాడు. జైళ్లలో కష్టం చేసే ఖైదీల తిండి లెక్కలు ముందు పెట్టాడు. శిబిరాలలో చచ్చేవారి లెక్కలు తీశాడు.

టెంపుల్ అనుభవం లేనివాడేమీ కాడు. 1874లో బీహారు కరువునాడు బర్మా బియ్యం తెప్పించి జనాన్ని బతికించినవాడే. అందుకు దుబారా చేశాడని నింద పడ్డాడు. మద్రాసుకు వచ్చేనాటికి అతని ముందున్నది “మనిషికి ఎంత కావాలి?” అన్న ప్రశ్న కాదు; “ఎంతతో సరిపెట్టవచ్చు?” అన్నది. వైద్యం చదవనివాని మాట వైద్యుని మాటను తోసివేసిందంటే, అక్కడ తూగినది జ్ఞానం కాదు, పదవి.

నెలలు గడిచాక గాని కూలి పెరగలేదు. 1871, 1881 జనాభా లెక్కల నడుమ కర్నూలు జిల్లా జనం సుమారు నాలుగో వంతు తగ్గారు. ఇదంతా ఒక్క కూలిరేటు పాపమే అనను. కాని ఆ పాపంలో దానికి భాగముంది.

1785లో ఫ్రెంచి గణితవేత్త కొండర్సే ఒక సూత్రం చూపాడు. ప్రతి మనిషీ తప్పుకంటె ఒప్పే ఎక్కువగా చెప్పగలవాడై, ఎవరికి వారు స్వతంత్రంగా ఆలోచిస్తే, సంఖ్య పెరిగినకొద్దీ మెజారిటీ తీర్పు సత్యానికి చేరువవుతుంది. పైవాని ముఖం చూసి తలలూపే పదిమంది అధికారులు లెక్కకు పదిమంది, తూకానికి ఒక్కడే.

అట్లని కార్నిష్‌కు హారతి పట్టనక్కరలేదు. దేహానికి ఎంత తిండి కావాలో చెప్పడంలో అతని మాట అందరికంటె బరువైనది. కూలికి తన ఆకలి తెలుసు. ఆ కూలిరేటు కింద ఎన్ని ప్రాణాలు పోతున్నవో మరణాల లెక్క తీసినవాడే చెప్పగలడు. కాని ఆ తిండి ఖర్చు ఎవరు భరించాలి, కరువులోనూ శిస్తు వసూలు చేయవచ్చునా అన్నవి వైద్యశాస్త్రం తేల్చే ప్రశ్నలు కావు. వాటిలో మట్టి మోసే కూలి మాటా, డాక్టరు మాటా సమానమే. ఆ కూలికి నిర్ణయం చేసిన గదిలో చోటే లేకపోయింది.

కనుక నిపుణుని అడగవలసినవి మూడు: నీకు తెలిసినది ఏ విషయం? నీ చేతి సాక్ష్యమేమిటి? నీ మాట తప్పయితే చచ్చేదెవరు? గనిలో మందు పేలితే రాయి ఎంతదూరం ఎగురుతుందో ఇంజనీరే చెప్పాలి. ఊరు కదలాలా, కదిలితే ఎక్కడికి అన్నది మాత్రం ఊరివారు కూర్చుని తేల్చుకోవాలి.