కంటికి తెలుగు, చెవికి గజిబిజి

ఆన్‌లైన్‌లో తెలుగు చెప్పే టీచర్లకు, పక్కన కూర్చుని హోంవర్కు చేయించే అమ్మానాన్నలకు ముందుగా ఒక చిన్న పరీక్ష. మీరు పంపే పాఠం ఫైలు తెరవండి. మౌసుతో ఒక మాటను ఎంచుకుని, కాపీ చేసి, మెయిల్లో అతికించండి. అది తెలుగుగానే వచ్చిందా? రాకపోతే, మీ తరగతిలో చూపు లేని పాప ఉంటే ఆమెకు మీరు ఖాళీ కాగితం పంపినట్టే.

ఇలా ఎందుకవుతుందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. 1990లలో తెలుగు డీటీపీ అంటే అను లాంటి ఫాంట్లే. వాటిలో తెరమీద ‘క’ కనిపించినా, కంప్యూటరు లోపల దాచుకునేది ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన సంకేతాలనే. అచ్చు వేసేవాళ్ళకు ఇబ్బంది లేదు, కాగితం మీద అక్షరం ముత్యంలా పడేది. తెరమీది మాటను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు మాత్రం ఆ గజిబిజే అందేది.

యూనికోడ్ 1991లో తన మొదటి కూర్పులోనే తెలుగుకు చోటిచ్చింది. అది మన ఇళ్ళలోని కంప్యూటర్ల దాకా రావడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. మన ఊరి మైక్రోసాఫ్ట్ 2001లో తెచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు ఉంది. గోదావరి పాయ పేరు రెడ్‌మండ్ దాకా వచ్చిందని అప్పట్లో మురిసిపోయినవాళ్ళు ఇప్పటికీ మనలో ఉండే ఉంటారు! 2006లో మైఖేల్ కరన్ అనే చూపు లేని ఆస్ట్రేలియా యువకుడు ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ మొదలుపెట్టాడు. దానిలోని ఈస్పీక్ గొంతు తెలుగు కూడా చదువుతుంది. మరమనిషి గొంతే, కాదనను. కానీ యూనికోడ్‌లో ఉన్న పాఠాన్ని అక్షరం అక్షరం విడదీసి కూడా చెబుతుంది. కాబట్టి పిల్లలు స్పెల్లింగు నేర్చుకోవచ్చు.

చెవితో చదువు సాగుతుందా అంటారా? మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌ను గుర్తు చేసుకోండి. చూపు లేదని పది తర్వాత సైన్సు గ్రూపులో చేరనివ్వలేదు. కోర్టుకెళ్ళి సీటు తెచ్చుకున్నాడు. ఒక టీచరు పాఠ్యపుస్తకాలను ఆడియోగా మార్చి ఇచ్చారు. 98 శాతం మార్కులు వచ్చాయి, తర్వాత ఎంఐటీలో చదివాడు. కోర్టు తలుపు తెరిచింది సరే, ఆ టీచరు కూర్చుని చేసిన పని లేకపోతే లోపలికెళ్ళి అతను చదివేదేమిటి?

బ్రెయిలీ సంగతి మన తల్లిదండ్రుల్లో చాలామందికి తెలియదు. 1951లో భారతీయ భాషలన్నిటికీ కలిపి భారతి బ్రెయిలీ ఏర్పడింది. ఇక్కడి బడిలో ఇంగ్లీషు బ్రెయిలీ నేర్చుకున్న పిల్లకు అందులో సగం పరిచయమే: ‘అ’కు ఒకటో చుక్క, అంటే ఇంగ్లీషు ‘ఏ’. మన క, మ, న, ల కూడా ఇంగ్లీషు కే, ఎమ్, ఎన్, ఎల్ గుర్తులే. గుణింతం తల మీదా పక్కనా ఉండదు. ‘కి’ అంటే ‘క’ గుర్తు, దాని పక్కన ‘ఇ’ గుర్తు, అంతే. నన్నడిగితే, చూపున్న పిల్లలకు కూడా గుణింతం ఇలా విడదీసి చూపిస్తే త్వరగా పట్టుబడుతుంది.

జూమ్ తరగతిలో “ఇదిగో, ఇలా రాయండి” అనకండి. “‘క’ మీద గుడి పెడితే ‘కి’” అని నోటితో చెప్పండి. వినికిడి తక్కువున్న బాబుకు ఆటోమేటిక్ క్యాప్షన్లనే నమ్ముకోకుండా, ఆ రోజు కథ, కొత్త మాటలు ముందురోజే టైపు చేసి పంపండి. వాట్సాప్‌లో హోంవర్కు ఫొటో పెడితే, దాని కింద అదే విషయం అక్షరాల్లో కూడా పెట్టండి. బొమ్మ ఉంటే అందులో ఏముందో ఒక వాక్యం.

పాత అను ఫైళ్ళను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి. వత్తుల దగ్గర అవి తడబడతాయి, కాబట్టి మార్చాక ఒకరు ఆసాంతం చదివి దిద్దాలి. తెలుగు బాగా వచ్చిన తాతయ్యలు, అమ్మమ్మలు సియాటిల్ వేసవికి వచ్చినప్పుడు ఈ పని అడిగి చూడండి.