గాంధీ మెచ్చిన మిషన్, అమ్మ కోసం పుట్టిన యంత్రం

1924లో ఢిల్లీలో రామచంద్రన్ అనే యువకుడు గాంధీజీని సూటిగా ఓ ప్రశ్న అడిగాడు. మీరు యంత్రాలన్నిటికీ వ్యతిరేకులేనా అని. మనిషి శరీరమే సున్నితమైన యంత్రం, రాట్నమూ యంత్రమే, మరి వ్యతిరేకం ఎలా అవుతానని గాంధీజీ జవాబిచ్చారు. తన అభ్యంతరం యంత్రాల మీద కాదు, యంత్రాల వ్యామోహం మీదేనన్నారు. తాను మనస్ఫూర్తిగా మినహాయించే యంత్రానికి ఉదాహరణగా సింగర్ కుట్టు మిషన్‌ను చూపించారు. భార్య రోజంతా చేత్తో కుట్లు వేస్తూ అలసిపోవడం చూడలేక, ఆమె మీద ప్రేమతో సింగర్ దాన్ని తయారుచేశాడని, ఆమెకే కాక కొనుక్కోగలిగిన ప్రతి ఇంటికీ ఆ శ్రమ తప్పిందని చెప్పారు. ఈ సంభాషణ ఆ ఏడాది నవంబరులో ‘యంగ్ ఇండియా’లో అచ్చయింది.

యంత్రాన్ని కొలవడానికి ఇంతకన్నా మంచి కొలబద్ద దొరకడం కష్టం. ఎవరి శ్రమ తగ్గించాలని పుట్టింది? ఎవరి చేతిలో ఉంది? అయితే సింగర్ విషయంలో చరిత్ర వేరేలా ఉంది. గాంధీజీ చెప్పిన లాంటి కథ, భార్య కోసం కాక అమ్మ కోసం, నిజంగా జరిగిన చోటు మన తెలంగాణలోనే ఉంది. దానికి ముడి పడింది బేగంపేట పాత విమానాశ్రయానికి వాయవ్యంగా కొద్ది కిలోమీటర్ల దూరంలో, బాలానగర్‌లో.

నాలుగు కదలికల లెక్క

కుట్టు మిషన్ ఒక్కరి బుర్రలో పుట్టలేదు. ఫ్రాన్స్‌లో తిమోనియే అనే దర్జీ 1830లో గొలుసుకుట్టు వేసే మిషన్‌కు పేటెంటు తీసుకున్నాడు. పారిస్‌లో ఆ మిషన్లతో సైనికుల దుస్తులు కుట్టించడం మొదలుపెట్టగానే, తమ కూలి పోతుందన్న భయంతో దర్జీలు వచ్చి వాటిని పగలగొట్టారు. తర్వాత అమెరికాలో ఎలియాస్ హో 1846లో పేటెంటు పొందాడు. చేతిసూదికి కన్ను మొదట్లో ఉంటుంది. హో మిషన్‌లో సూదికి కన్ను మొనలో ఉంది. సూది బట్టను దాటి అవతలికి వెళ్లి, కొద్దిగా వెనక్కి వచ్చే క్షణంలో దారం చిన్న ఉచ్చులా విచ్చుకుంటుంది. ఆ ఉచ్చులోంచి రెండో దారం మోసే షటిల్ దూరిపోతుంది. రెండు దారాలూ బట్ట మధ్యలో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఈ రోజు మన ఇళ్లలో ఉన్న మిషన్లు వేసేదీ ఈ కుట్టే.

హో మిషన్‌కు పెద్ద లోపం ఒకటుంది. బట్టను ముళ్ల పట్టీకి నిలువుగా తగిలించాలి. పట్టీ పొడవు అయిపోగానే మిషన్ ఆపి మళ్లీ తగిలించాలి. ఐజాక్ సింగర్ 1851 పేటెంటులో సూది నిలువుగా దిగింది, బట్ట బల్ల మీద పరుచుకుంది, ఎంత పొడవైనా ఆగకుండా కుట్టే వీలొచ్చింది. బట్టను ముందుకు నెట్టే చిక్కును మరింత చక్కగా విప్పినవాడు ఆలెన్ విల్సన్. సూది కింద కనిపించే ఆ చిన్న పళ్లు పైకి లేస్తాయి, బట్టను పట్టి ముందుకు జరుపుతాయి, కిందికి దిగుతాయి, బట్టను తాకకుండా వెనక్కి వస్తాయి. 1854లో పేటెంటు పొందిన ఈ నాలుగు కదలికల పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. సూది, షటిల్, దారం లాగే మీట, ఈ పళ్లు అన్నీ ఒకే ఇరుసు నుంచి కదలిక తీసుకుంటాయి. ఏది ఎప్పుడు కదలాలో ఆ ఇరుసు మీది వంపులే నిర్ణయిస్తాయి. ఆ వరసలో ఏ ఒక్కటి వెంట్రుకవాసి ముందూ వెనకా అయినా కుట్టు తప్పిపోతుంది, లేదా సూది విరుగుతుంది.

ఇక ప్రేమకథ సంగతి. సింగర్ 1850లో బోస్టన్‌లోని ఆర్సన్ ఫెల్ప్స్ వర్క్‌షాపుకు వెళ్లింది కుట్టు మిషన్ కోసం కాదు. అచ్చక్షరాలు చెక్కే తన యంత్రం పనిమీద వెళ్లాడు. అక్కడ మరమ్మతుకు వచ్చిన వేరేవాళ్ల కుట్టు మిషన్లు చూశాడు. వాటి లోపాలు పట్టుకుని కొత్త నమూనా కట్టాడు. ఆయన్ను నడిపించింది వ్యాపార దృష్టి. ఇంటావిడ కుట్టుపని మీద సంసారం గడవడం, దాన్ని చూస్తూ భర్త ఆలోచనలో పడటం అన్న ఘట్టం హో జీవితచరిత్రల్లో కనిపిస్తుంది. గాంధీజీ చెప్పిన కథకు మూలం అదే కావచ్చు.

మన దేశంలో కుట్టు మిషన్ పేరులోకి ఇంటి ప్రేమ వచ్చింది 1930లలో. కలకత్తాలో బిషన్‌దాస్ బసిల్ స్వదేశీ మిషన్ తయారుచేసి తన కూతురు ఉష పేరు పెట్టారు. కూతురి పేరుతో వచ్చిన ఆ మిషన్ మన ఊళ్లలో ఇంటింటికీ తెలిసింది. మరో 60 ఏళ్ల తర్వాత తల్లి పేరుతో ఇంకో యంత్రం వచ్చింది.

తొమ్మిది వేల సార్లు

సికింద్రాబాద్‌లో కాజీపేట వైపు రైలెక్కితే భువనగిరి దాటాక ఆలేరు వస్తుంది. ఆ మండలంలో శారాజీపేట నేతన్నల ఊరు. పోచంపల్లి ఇక్కత్ చీరలు నేసే కుటుంబం చింతకింది మల్లేశం వాళ్లది. మగ్గం మీద మగవాళ్లు కూర్చుంటే, దానికి ముందు జరగాల్సిన పని ఆడవాళ్ల మీద ఉండేది. అందులో అన్నిటికన్నా కష్టమైనది ఆసు పోయడం, అంటే మేకుల చట్రం మీద నూలు చుట్టడం.

ఇక్కత్‌లో పూలూ గీతలూ నేశాక అద్దేవి కావు. నేయకముందే నూలుకు రంగులు పడాలి. పేక నూలును ఆసు మీద పోసి, డిజైన్ ప్రకారం రబ్బరు ముక్కలతో గట్టిగా కట్టి, రంగులో ముంచుతారు. కట్టు ఉన్నచోట రంగు ఎక్కదు. తర్వాత ఆ నూలును కండెలకు చుట్టి నేస్తే, పోగు పక్కన పోగు చేరి బొమ్మ తేలుతుంది. అందుకే ఆసులో పోగుల లెక్క తప్పకూడదు. ఒక్క చుట్టు ఎక్కువైనా తక్కువైనా చీర మీద బొమ్మ చెదురుతుంది.

ఆసుకు ఒక వైపు ఒంటరి మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు ఉంటాయి. నూలు పట్టుకున్న చెయ్యి ఆ మేకు నుంచి ఈ మేకుకు, ఈ మేకు నుంచి ఆ మేకుకు సుమారు మీటరు దూరం తిరుగుతూనే ఉండాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలైతే 18,000 సార్లు. లెక్క కడితే ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది కిలోమీటర్లు తిరిగినట్టు. మల్లేశం తల్లి లక్ష్మి ఏళ్ల తరబడి చేసింది ఈ పనే. భుజాలు పడిపోయేవి, మోచేతులు వాచేవి. కొడుకు పుట్టినప్పటి నుంచీ చూసింది ఆ నొప్పినే.

మల్లేశం బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఇంజినీరింగ్ ఎవరూ నేర్పలేదు. 1992లో అమ్మ చేతి కదలికను యంత్రానికి అప్పగించాలని పని మొదలుపెట్టారు. చూడటానికి తేలికనిపించే ఆ కదలికలో మూడు చిక్కులున్నాయి. నూలు అటూ ఇటూ పోవాలి. ప్రతి మేకు దగ్గరా చుట్టూ తిరిగి రావాలి. ఒక మేకు మీద చుట్లు నిండగానే పక్క మేకుకు జరగాలి. కుట్టు మిషన్ చరిత్రలో ఎందరో మేధావులు పంచుకున్న తలనొప్పి లాంటిదాన్ని శారాజీపేటలో ఒక్క యువకుడు, అదీ చేతిలో డబ్బు లేకుండా, నెత్తికెత్తుకున్నాడు. ఊరు పిచ్చి అంది. అప్పులయ్యాయి. ఇక చాలించమని ఇంట్లోవాళ్లు బతిమాలారు. 1997 ప్రాంతంలో పని ఆగిపోయింది. పొట్టకూటికి హైదరాబాద్ వచ్చి కరెంటు పనిలో చేరారు.

బాలానగర్‌లో దొరికిన కదలిక

సికింద్రాబాద్, బేగంపేట, బాలానగర్ పరిసరాలకు యంత్రాలతో పాత అనుబంధం ఉంది. సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ 1943లోనే పుట్టింది. బాలానగర్‌లో ఐడీపీఎల్, హెచ్‌ఏఎల్ వంటి పెద్ద సంస్థలు వచ్చాయి. 1968లో కేంద్ర టూల్ డిజైన్ సంస్థ కొలువుదీరింది. వాటి చుట్టూ లేతు మిషన్ల షెడ్లు వందల్లో వెలిశాయి. ఏ చిన్న భాగమైనా గీసి చూపిస్తే చేసిపెట్టే పనివాళ్లు అక్కడ దొరుకుతారు.

1999లో కరెంటు పని మీద బాలానగర్‌లోని ఒక యూనిట్‌కు వెళ్లిన మల్లేశం కంట అక్కడ నడుస్తున్న ఓ యంత్రం కదలిక పడింది. ఏళ్లుగా వెతుకుతున్నది అదే. ఆ రోజు పని పక్కన పెట్టి, ఆ కదలికనిచ్చే భాగం చేయించుకుని తన ఆసుకు బిగించారు. యంత్రం నడిచింది. దానికి ‘లక్ష్మీ ఆసు యంత్రం’ అని అమ్మ పేరు పెట్టుకున్నారు. నాలుగైదు గంటల పని గంటన్నరలో అయిపోయింది. లక్ష్మి చెయ్యి ఇక 9,000 సార్లు తిరగనక్కరలేదు.

బోస్టన్ వర్క్‌షాపులో సింగర్‌కు దొరికిందీ, బాలానగర్ యూనిట్‌లో మల్లేశానికి దొరికిందీ పైకి ఒకటే. పరాయి యంత్రంలో తనకు కావాల్సిన కదలికను గుర్తుపట్టే చూపు. ఆ చూపు అదృష్టం కొద్దీ రాలేదు. ఏడేళ్లు అదే చిక్కుతో పడుకుని, అదే చిక్కుతో లేచినవాడికే ఆ కదలిక కనిపించింది. రోజూ దాని పక్కనే పనిచేసేవాళ్లకు అందులో విశేషమేమీ లేదు.

నియంత్రణ ఎవరి చేతిలో?

ఇక్కడి నుంచి రెండు కథలూ మరో మలుపు తిరిగాయి. కుట్టు మిషన్‌లో ఒకప్పుడు కుట్టు తీరును ఇనుప వంపులే శాసించేవి. రకానికో వంపు బిళ్ల మార్చాలి. 1975లో సింగర్ ‘ఎథీనా 2000’తో ఇంటి మిషన్‌లోకి ఎలక్ట్రానిక్ నియంత్రణ వచ్చింది. ఫ్యాక్టరీ మిషన్లలో కుట్టు ముగియగానే దారం దానంతటదే తెగుతుంది. సూది పైన ఆగాలా, బట్టలో దిగి ఆగాలా అన్నది సర్వో మోటారు చూసుకుంటుంది. అచ్యుతాపురం బ్రాండిక్స్ వంటి పెద్ద దుస్తుల పరిశ్రమలు నిలబడింది ఈ తరహా మిషన్ల మీదే.

మల్లేశం కూడా ఒక్కచోట ఆగలేదు. పుస్తకాలు తెచ్చుకుని మైక్రోకంట్రోలర్ గురించి చదివారు. ఏ మేకు మీద ఎన్ని చుట్లు పడాలో ముందే చెప్పి వదిలేసే ఎలక్ట్రానిక్ నియంత్రణను తన యంత్రానికి తెచ్చారు. ఇనుప వంపు నుంచి చిప్ దాకా కుట్టు మిషన్ నడిచిన శతాబ్దం పైబడ్డ దారిని, ఆయన కొద్ది ఏళ్లలో నడిచారు.

పారిస్ దర్జీలు మిషన్లు పగలగొట్టడానికి కారణం ఉంది. వాటి యజమాని వేరు, కూలి పోయేది వేరేవాళ్లకు. ఆసు పోత చాలావరకు విడిగా కూలి కట్టే పని కాదు, నేత ఇంట్లో ఆడవాళ్లు జీతం లేకుండా మోసే బరువు. లక్ష్మీ యంత్రం చేరింది కూడా ఆ ఇంట్లోకే. అది మగ్గాన్ని మూలన పడేయలేదు, నేసే చేతి నైపుణ్యాన్ని తాకలేదు. ఇద్దరి కథనూ గాంధీజీ కొలబద్దతో కొలిస్తే, నా దృష్టిలో సింగర్ మిషన్ కన్నా ఇదే నిండుగా తూగుతుంది.

సికింద్రాబాద్ కేంద్రంగా పల్లెల్లో ఆవిష్కర్తలను వెతికే ‘పల్లె సృజన’, జాతీయ ఆవిష్కరణల ఫౌండేషన్ వంటి సంస్థల ద్వారా ఈ యంత్రం లోకానికి తెలిసింది. 2017లో మల్లేశానికి పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన జీవితం ‘మల్లేశం’ పేరుతో సినిమా అయింది. యంత్రం నడిచిన నాటి నుంచి పద్మశ్రీ దాకా 18 ఏళ్లు పట్టింది.

మన ఊళ్లలో ఆడవాళ్ల చేతులు, భుజాలు, నడుములు అరగదీసే పనులు ఇంకా ఎన్నో మిగిలి ఉన్నాయి. వాటికి పరిష్కారం ఊహించగల కొడుకులూ కూతుళ్లూ ఆ ఇళ్లలోనే ఉన్నారు. వాళ్లకు లేనిది ఒక లేతు మిషన్ ముందు నాలుగు రోజుల చోటు, చెడిపోయిన నమూనాను రెండోసారి చేసుకునే ఖర్చు. బాలానగర్ షెడ్ల యజమానులు, టూల్ డిజైన్ సంస్థలు, ఇంజినీరింగ్ కాలేజీలు తమ యంత్రాల సమయంలో కొంత భాగాన్ని ఇలాంటివారి కోసం కేటాయించాలి. యాదృచ్ఛికంగా ఒక్క మల్లేశానికి తెరుచుకున్న తలుపును, అడిగిన ప్రతి పల్లె ఆవిష్కర్తకూ తెరిచి ఉంచాలి.