పద్మ ఆగిపోయింది, లేఖిని మిగిలింది

మన శ్రీకాకుళంలో కథానిలయం మీ అందరికీ తెలుసు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న మొదలుపెట్టారు. అక్కడి బీరువాల్లో ఎప్పుడో మూతపడిన పత్రికలు ఎన్నో ఉన్నాయి. పత్రిక ఆగిపోయింది గానీ అందులో వచ్చిన కథ పోలేదు. ఎవరో ఒకరు ప్రతి దాచారు కదా! సాఫ్ట్‌వేర్‌కి కూడా ఇదే లెక్క అని నేనంటాను. ఈ రోజు పద్మ అనే ఒక సాఫ్ట్‌వేర్ కథ చెప్పుకుందాం.

2000 తర్వాతి కొన్నేళ్లు గుర్తు తెచ్చుకోండి. ఈనాడు, వార్త లాంటి పత్రికలు నెట్‌లోకి వచ్చేశాయి. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచే చోటుంది. అయినా ఈ సైట్లు దాన్ని వాడలేదు. ఎవరి ఫాంటు వాళ్లదే. ఇంగ్లిష్ అక్షరాలకి కేటాయించిన గడుల్లో తెలుగు అక్షరాల బొమ్మలు కూర్చారు. ఆ ఫాంటు ఉంటే చదవగలం, లేకపోతే అన్నీ పిచ్చి గీతలే. మనం "విజయనగరం" అని టైపు చేసి వెతికితే ఆ ఊరి వార్త దొరికేది కాదు. కంప్యూటర్ లెక్కలో ఆ పేజీలో తెలుగే లేదు మరి.

అప్పుడు నాగార్జున వెన్న గారు ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ కోసం పద్మ తయారుచేశారు. ఒక్కో ఫాంటుకి ఒక్కో పట్టిక. ఏ బొమ్మ ఏ అక్షరమో చూసి, గుణింతాల్నీ వత్తుల్నీ సరైన వరసలో పెట్టి, పేజీని యూనికోడ్‌లోకి మార్చేది. తమిళం, మలయాళం లాంటి భాషలకీ పనిచేసేది. కోడ్ అందరికీ ఇచ్చేశారు.

ఇలాంటి పనికి రోజూ కాపలా కావాలి. పత్రిక ఫాంటులో చిన్న మార్పు చేస్తే పట్టిక సరిచెయ్యాలి. బ్రౌజర్ మారితే కోడ్ మార్చాలి. ఇదంతా జీతం లేని చాకిరీ. ఈలోగా పత్రికలు ఒక్కొక్కటీ యూనికోడ్‌కి వచ్చేశాయి, అవసరం తగ్గింది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చింది. పాత పద్ధతిలో రాసిన పొడిగింపులన్నిటికీ అది తలుపులు మూసేసింది. పద్మ కూడా ఆ పాత పద్ధతిలో రాసిందే.

మరి పని వృథా అయిందా? లేదండీ. 2006లో వీవెన్ గారు లేఖిని తెచ్చినప్పుడు, ఇంగ్లిష్ అక్షరాల్ని తెలుగు చేసే పనికి పద్మ కోడే ఆధారమైంది. ఎంతోమంది నెట్‌లో తెలుగు మొదట రాసింది లేఖినిలోనే. కోడ్ తాళం వేసి ఉంటే ఇది జరిగేది కాదు. నడిపేవాళ్లు లేనప్పుడు ప్రాజెక్టు ఆపెయ్యడంలో తప్పు లేదు. కోడ్ ఎక్కడుందో, ఏది పనిచెయ్యదో చెప్పి ఆపితే తర్వాతివాళ్లు అందుకుంటారు.

ఇది పాత ముచ్చటే కదా అనుకోవద్దు. మన రెండు జిల్లాల్లో డీటీపీ షాపుల్లో టైపు చేయించిన సావనీర్లు, ఊరి చరిత్రలు, కథల పుస్తకాలు అను ఫాంట్లలో ఉండిపోయాయి. ఆ ఫైళ్లని మార్చే సాధనం పోయిన రోజున అవి కూడా పిచ్చి గీతలే. మీ దగ్గరుంటే ఇప్పుడే యూనికోడ్‌లోకి మార్పించండి. అసలు ఫైలూ ఉంచండి, ఫాంటూ ఉంచండి. మార్చాక ఒత్తులు సరిగా వచ్చాయో లేదో ఒకసారి చదివి చూసుకోండి.