చీజ్ బోర్డు

మూడు నుంచి ఐదు రకాల చీజ్‌ను చెక్క పలక మీదో రాతి పలక మీదో పేర్చి, పక్కన రొట్టె, పండ్లు, గింజలు, తేనె, పచ్చళ్లు పెట్టి వడ్డించే పద్ధతిని చీజ్ బోర్డు అంటారు. ఐరోపాలో భోజనం చివర మొదలైన ఈ వడ్డన ఇప్పుడు విందు మొదట్లోనూ కనిపిస్తుంది, ఒక్కోసారి అదే విందు అవుతుంది. తెలుగు నేల మీద దీని చరిత్ర చిన్నది. చీజ్ ఇక్కడికి ఆలస్యంగా వచ్చింది. దాని పక్కన పెట్టాల్సిన తేనె, జీడిపప్పు, మామిడి తాండ్ర మాత్రం అంతకు ఎంతో ముందు నుంచే ఇళ్లలో ఉన్నాయి. అందుకే తెలుగువారి చీజ్ బోర్డును చీజ్ వైపు నుంచి కాక, తోడు వడ్డించే పదార్థాల వైపు నుంచి చూస్తే బాగా అర్థమవుతుంది. ఖమ్మం నుంచి అశ్వారావుపేట వెళ్లే దారిలో సత్తుపల్లికి ముందు, అడవి అంచున వచ్చే పెనుబల్లి ప్రాంతం ఇందుకు మంచి ఉదాహరణ.

పుట్టుక

చీజ్ తయారీకి దొరికిన తొలి ఆనవాళ్లలో ముఖ్యమైనవి పోలండ్‌లోని కుయావియా ప్రాంతంలో బయటపడిన చిల్లుల మట్టిపాత్రల పెంకులు. వాటికి అంటుకున్న పాలకొవ్వును పరీక్షించి, సుమారు 7,000 ఏళ్ల కిందటే అక్కడివారు పాలగడ్డను వడకట్టారని 2012లో శాస్త్రజ్ఞులు తేల్చారు. పాలు విరగ్గొట్టి, నీరు తీసేసి, ఉప్పు పట్టించి దాచుకోవడం చలి దేశాల్లో కరువు కాలానికి ఆసరా అయింది.

ఏ ఊరి చీజ్‌కు ఆ ఊరి గాలి, గడ్డి, నేల వల్ల ఒక రుచి వస్తుంది. ఆ రుచికి చట్టం కాపలా కూడా పాతదే. దక్షిణ ఫ్రాన్స్‌లోని రోక్‌ఫోర్ గ్రామపు గుహల్లో మాగే నీలిబూజు చీజ్ మీద ఆ ఊరివారికే హక్కు ఉందని రాజు ఆరో చార్లెస్ 1411లో పత్రం రాసిచ్చాడు. 1925లో ఫ్రాన్స్ ప్రాంతీయ నామ రక్షణ పొందిన తొలి చీజ్ కూడా అదే.

భోజనం చివర చీజ్ ఉండి తీరాలన్న పట్టింపు ఫ్రెంచివారిది. 1825లో వచ్చిన తన రుచిశాస్త్ర గ్రంథంలో బ్రియా సవరాఁ చీజ్ లేని ముగింపును పెద్ద లోపంగా లెక్కగట్టాడు. పారిస్‌లో 1909లో ఆంరీ ఆంద్రుయే తెరిచిన దుకాణం దేశం నలుమూలల చీజ్‌లను ఒకచోట చేర్చింది. ఫ్రాన్స్‌లో చీజ్ తీపి వంటకానికి ముందు వస్తుంది. ఇంగ్లండ్‌లో తీపి అయ్యాక, స్టిల్టన్ చీజ్ పక్కన పోర్ట్ వైన్‌తో.

19వ శతాబ్దంలో చీజ్ ఫ్యాక్టరీకెక్కింది. 1851లో జెస్సీ విలియమ్స్ న్యూయార్క్ రాష్ట్రంలోని రోమ్ దగ్గర ఊళ్ల పాలన్నీ ఒకచోట పోసి చీజ్ చేయించాడు. 1874లో డెన్మార్క్‌లో క్రిస్టియన్ హాన్సెన్, పాలను గడ్డకట్టించే రెన్నెట్‌ను ఒకే బలంతో తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. 1911లో స్విట్జర్లాండ్‌లో గెర్బర్, స్టెట్లర్ అనే ఇద్దరు చీజ్‌ను లవణాలతో కరిగించి చాలాకాలం చెడకుండా ఉండే ప్రాసెస్డ్ చీజ్ చేశారు. అమెరికాలో జేమ్స్ క్రాఫ్ట్ 1916లో తన పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. డబ్బాలో ఏడాదంతా ఒకే రుచితో ఉండే ఈ చీజ్ శాండ్‌విచ్‌కు సరిపోతుంది. ఒక ముక్కకూ ఇంకో ముక్కకూ ఉన్న తేడా మీదే నడిచే బోర్డుకు అది పనికిరాదు.

భారతదేశంలో

పాలను పులుపుతో విరగ్గొట్టి ముద్ద తీయడం ఈ దేశానికి కొత్త కాదు. కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన మానసోల్లాసంలో విరిగిన పాలముద్దతో చేసే మిఠాయి ప్రస్తావన ఉంది. బెంగాల్‌లో హుగ్లీ ఒడ్డున పోర్చుగీసువారి స్థావరంగా ఉన్న బాండేల్ పేరుతో పొగ పట్టించిన చీజ్ ఇప్పటికీ దొరుకుతుంది. సూరత్ వైపు పార్సీల బుట్ట పనీర్, జమ్మూ కలారి, హిమాలయాల్లో రాయిలా గట్టిపడే ఛుర్పీ దేశీయ చీజ్‌లలో పేరున్నవి.

పనీర్‌కూ చెడ్డార్‌కూ తేడా గడ్డకట్టే తీరులో ఉంది. వేడి పాలలో నిమ్మరసం పిండితే పనీర్ గడ్డకడుతుంది. అది పెనం మీద వేగుతుందే గాని కరగదు. తేమ ఎక్కువ కాబట్టి నాలుగు రోజులకే పాడవుతుంది. రెన్నెట్ పడిన పాలు మాత్రం మెత్తని గడ్డగా మారి, తమంతట తామే ముడుచుకుంటూ నీటిని వదిలేస్తాయి. నెలల తరబడి మాగేది ఆ గడ్డే.

ఆధునిక చీజ్‌కు దారి వేసింది ఆనంద్‌లోని అమూల్. ఆవుపాల చీజ్ చేసే పాశ్చాత్య పద్ధతిని గేదెపాలకు మలచడం అక్కడి ఇంజనీర్లకు పెద్ద పరీక్ష అయింది. గేదెపాలలో కొవ్వు ఎక్కువ, పసుపు రంగునిచ్చే కెరోటిన్ దాదాపు ఉండదు. అందుకే గేదెపాల చీజ్ తెల్లగా వస్తుంది. దానితో చెడ్డార్ చేస్తే గట్టిబడి ఆలస్యంగా మాగుతుంది. అదే పాలతో ఇటలీలోని కంపానియావారు ప్రపంచ ప్రసిద్ధి పొందిన మోజరెల్లా చేస్తారు.

తెలుగు నేల మీద పాలు

చీజ్ మాగడానికి పది పన్నెండు డిగ్రీల చల్లదనం, 85 శాతం దాటిన తేమ కావాలి. ఎండాకాలం 45 డిగ్రీలు తాకే ఖమ్మం జిల్లాలో అలాంటి గది ఫ్రిజ్ రాకముందు ఊహకందేది కాదు. పాలను నిలవ చేయాల్సిన అవసరం ఇక్కడా ఉంది; దానికి దొరికిన దారి వేరు. పాలు కాచి తోడువేసి, పెరుగు చిలికి వెన్న తీసి, వెన్న కాచి నెయ్యి చేస్తే చల్లదనం అక్కర్లేకుండా నెలలు నిలుస్తుంది. మిగిలిన మజ్జిగ ఎండకు విరుగుడు. ఈ చక్రంలో పాలు విరగడం నష్టమే గాని కొత్త పదార్థానికి మొదలు కాలేదు.

దీనికి మినహాయింపు జున్ను. ఈనిన ఆవు లేదా గేదె తొలి రోజుల పాలలో రోగనిరోధక మాంసకృత్తులు దండిగా ఉంటాయి. వేడి తగలగానే అవే గడ్డకడతాయి. పులుపూ రెన్నెట్టూ ఏవీ అక్కర్లేదు. జున్నుపాలలో బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఆవిరి మీద ఉడికిస్తే వచ్చేది మెత్తని, తీపి, ఘాటు కలిసిన ముద్ద. నిలవ ఉండకపోయినా, కోసి పళ్లెంలో పెట్టగలిగిన పాలగడ్డ తెలుగిళ్లలో ఇదొక్కటే.

1970లో మొదలైన జాతీయ పాల పథకం ఆపరేషన్ ఫ్లడ్, 1974లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ ఊళ్ల పాలను పట్నాలకు చేర్చాయి. విజయ పేరుతో పాలు, నెయ్యి, వెన్న ఇళ్లలోకి వచ్చాయి. చీజ్ మాత్రం చాలాకాలం డబ్బాలోని ప్రాసెస్డ్ రకంగానే తెలుసు. 1996లో డోమినోస్, పిజ్జా హట్ దేశంలో అడుగుపెట్టాక మోజరెల్లా పిల్లల మాటల్లోకి చేరింది. ఆ తర్వాతి తరం దేశీయ తయారీదారులు చిన్నచిన్న శాలల్లో చీజ్ చేయడం మొదలుపెట్టారు. ఆరోవిల్‌లో లా ఫెర్మ్ అంతకు ముందు నుంచే ఉంది. చెన్నైలో కేసే 2016లో మొదలైంది. ముంబైలోని ఎలెఫ్తేరియా విరుగుడు నీటిని మరిగించి చేసిన గోధుమరంగు బ్రూనోస్ట్ 2021 ప్రపంచ చీజ్ పోటీల్లో వెండి పతకం గెలిచింది. బాగా వేగిన కోవాకు దగ్గరగా ఉండే ఆ రుచి తెలుగువారికి చప్పున నచ్చుతుంది.

ఎంపిక

ఒకే జాతివి నాలుగు పెట్టడం కన్నా నాలుగు జాతులవి ఒక్కొక్కటి పెట్టడం పాత నియమం. తాజా మెత్తనిది ఒకటి, పైన తెల్లబూజు పట్టిన బ్రీ లాంటిది ఒకటి, గౌడా లేదా చెడ్డార్ వంటి గట్టిది ఒకటి, నీలిబూజుది ఒకటి అనుకుంటే కుదురుతుంది. మనిషికి ఒక్కో రకం 30 గ్రాములు లెక్క. చప్పనిదానితో మొదలుపెట్టి ఘాటైనదానితో ముగిస్తారు. నీలిబూజు ముందు తింటే తర్వాతివన్నీ నాలుకకు తెలియవు.

ఫ్రిజ్‌లోంచి గంట ముందు తీయాలని ఐరోపా పుస్తకాలు చెబుతాయి. మే నెలలో పెనుబల్లిలో పావుగంట చాలు. అంతకు మించితే గట్టి చీజ్ నూనె వదులుతుంది, బ్రీ పలక మీద పరుచుకుంటుంది.

శాకాహారులకు అదనంగా ఒక చూపు కావాలి. సంప్రదాయ రెన్నెట్ దూడ కడుపు నుంచి వస్తుంది. పార్మిజానో రెజానో నియమావళి ప్రకారం అదే వాడాలి. 1990లో అమెరికా, రెన్నెట్‌లో పాలను గడ్డకట్టించే ఎంజైమ్ అయిన కైమోసిన్‌ను సూక్ష్మజీవుల ద్వారా తయారుచేయడానికి అనుమతించాక శాకాహార చీజ్ సులువైంది. ఇక్కడ అమ్మే ప్యాకెట్ల మీద ఆకుపచ్చ చుక్క చూసుకుంటే సరిపోతుంది. అమెరికాలో ఆ చుక్క ఉండదు కాబట్టి అక్కడి తెలుగు శాకాహారులు పదార్థాల పట్టికలో ఎంజైమ్‌లు దేని నుంచి వచ్చాయో వెతుక్కోవాలి. పాలలోని లాక్టోజ్ అనే చక్కెర పడనివారికి మాగిన గట్టి చీజ్ మేలు. మాగే క్రమంలో అందులోని లాక్టోజ్ దాదాపు హరించుకుపోతుంది.

తోడు

చీజ్ ఉప్పన, కొవ్వు బరువు. పక్కన ఉండేవి ఆ బరువును దించాలి: తీపి, పులుపు, కరకర. స్పెయిన్‌లో మాంచెగో చీజ్‌తో క్విన్స్ పండు గుజ్జును ఉడికించి గట్టిపరచిన ముక్క తింటారు. మామిడి తాండ్ర చేసే పని సరిగ్గా అదే. పులుపూ తీపీ కలిసిన పండుగుజ్జు పొరలు పొరలుగా ఎండి, కత్తితో కోసేంత గట్టిగా ఉంటుంది. గోదావరి జిల్లాల తాండ్ర సన్నని ముక్క ఒకటి చెడ్డార్ మీద పెడితే వేరే జామ్ అక్కర్లేదు.

నీలిబూజు చీజ్‌కు తేనె ఐరోపాలో ఎప్పటినుంచో జంట. అడవి తేనెలో ఉండే కాస్త వగరు ఆ జంటను ఇంకా బాగా నిలబెడుతుంది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అడవుల్లో గిరిజనులు తీసిన తేనెను కొని సీసాల్లో అమ్ముతోంది. అక్రోటు స్థానంలో పలాస జీడిపప్పు, లేదా అడవి నుంచి వచ్చే సారపప్పు సరిపోతాయి. ఉప్పు బిస్కెట్లకు బదులు కరకరలాడే చెక్కలు పెట్టవచ్చు, కారం తగ్గించి చేస్తేనే. ఎండిన జొన్నరొట్టె ముక్కలు బ్రీకి బాగా కుదురుతాయి.

ఆవకాయ దగ్గర జాగ్రత్త. ఆవపిండి, నూనె, కారం మూడూ కలిసి మెత్తని చీజ్‌ను మింగేస్తాయి. బాగా మాగిన చెడ్డార్ ఒక్కటే దానికి ఎదురు నిలుస్తుంది. బెల్లం పాకంలో ఊరిన తీపి మాగాయ ఎక్కువ రకాలతో సర్దుకుంటుంది. తాగడానికి వైనే కావాలని లేదు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ, పాలు లేకుండా, గౌడా పక్కన బాగుంటుంది.

పెనుబల్లి అంచున

పెనుబల్లి, సత్తుపల్లి చుట్టుపక్కల మామిడి తోటలు విస్తారం. అశ్వారావుపేట వైపు జీడిమామిడి, ఆయిల్‌పామ్ కనిపిస్తాయి. భద్రాచలం వైపు అడవిలో కోయ పల్లెలవారు తేనె, ఇప్పపువ్వు, చింతపండు, తునికి పండ్లు, మొర్రి పండ్లు సేకరిస్తారు. ఇక్కడ బోర్డు పేర్చేవారికి చీజ్ ఖమ్మం నుంచో హైదరాబాద్ నుంచో చల్లని సంచిలో రావాలి. పలక మీద మిగతా సగం చుట్టుపక్కలే ఉంది. కాలం కూడా ఎంపికను మారుస్తుంది. వేసవిలో బంగినపల్లి ముక్కలు తాజా పనీర్‌తో, చలికాలంలో సీతాఫలం గుజ్జు బ్రీతో, గేదె ఈనిన ఇంట్లో మిరియాల జున్ను ముక్క మెత్తని చీజ్ స్థానంలో. ఎండబెట్టిన ఇప్పపువ్వును నేతిలో దోరగా వేయిస్తే ఎండుద్రాక్షను తలపించే తీపి వస్తుంది. గట్టి చీజ్ పక్కన రెండు మూడు చాలు.

నిల్వ

మిగిలిన చీజ్‌ను ప్లాస్టిక్‌లో బిగించకుండా మైనపు కాగితంలో చుట్టి, మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్ కింది అరలో ఉంచుతారు. నీలిబూజు రకానికి విడి డబ్బా కావాలి. దాని బూజు పక్కనున్న బ్రీ మీదికి పాకుతుంది. గట్టి చీజ్ మీద కొత్తగా బూజు కనబడితే చుట్టూ అంగుళం మేర కోసేసి మిగతాది వాడుకోవచ్చు. పనీర్, తాజా చీజ్‌ల మీద బూజు వస్తే మొత్తం పారేయాలి. జున్ను రెండు రోజుల్లో తినేయాలి.