విశ్వ విస్తరణ

విశ్వ విస్తరణ అంటే గెలాక్సీ గుంపుల మధ్య దూరాలు కాలంతో పాటు పెరుగుతూ పోవడం. విశ్వం ప్రస్తుతం వ్యాకోచిస్తోందా, సంకోచిస్తోందా అన్న ప్రశ్నకు ఆధారాలన్నీ వ్యాకోచం వైపే ఉన్నాయి. సంకోచం ఇప్పటి సంగతి కాదు, రాబోయే కాలానికి సంబంధించిన ప్రశ్న. అయితే మామూలు కంటికి అందే ఒకే ఒక్క సాక్ష్యం దీనికి ఎదురు తిరిగినట్టు కనిపిస్తుంది. కార్తీక అమావాస్యకు ముందు రాత్రుల్లో, ఎనిమిది గంటల వేళ, అచ్చంపేట దాటి అమ్రాబాద్ గుట్టల్లో వీధి దీపాల వెలుగు తగలని చోట నిలబడి, నడినెత్తి నుంచి కొంచెం ఉత్తరానికి చూస్తే మసక మరక ఒకటి కనిపిస్తుంది. చుక్కలా మెరవదు, అద్దం మీద ఊదిన ఆవిరిలా ఉంటుంది. అది సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఆండ్రోమెడా గెలాక్సీ. ఈ అక్షాంశంలో దుర్భిణి లేకుండా తేలిగ్గా కనిపించే బయటి గెలాక్సీ ఇదొక్కటే. అది మన నుంచి దూరంగా పోవడం లేదు, సూర్యుడి వైపు సెకనుకు దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో వస్తోంది. 1912లో అమెరికా శాస్త్రవేత్త వెస్టో స్లైఫర్ మొట్టమొదట వేగం కొలిచిన గెలాక్సీ కూడా ఇదే.

వేగం తెలిసేది వర్ణపటం వల్ల. ఈ విద్య చరిత్రలో తెలుగు నేలకు చోటుంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన నార్మన్ పోగ్సన్ పరిశీలించారు. హీలియంను గుంటూరులో జాన్సెన్ కనుగొన్నాడని పుస్తకాల్లో తరచూ కనిపిస్తుంది. కానీ సూర్యుడి వర్ణపటంలో కనిపించిన కొత్త పసుపు గీత సోడియం గీతతో సరిగ్గా కలుస్తోందా అన్న అనుమానాన్ని రాసిపెట్టింది పోగ్సన్ అనీ, అది వేరే గీత అని తేల్చింది అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో లాకయ్యర్ అనీ మరో కథనం ఉంది. ఈ రెండో కథనమే ఎక్కువ పొసగుతుంది. ఎవరి ఖాతాలో వేసినా, దూరపు వస్తువు పంపే కాంతిలో ఏ గీత ఎక్కడ ఉందో కొలవడమే ఇక్కడ కీలకం. హైదరాబాదు నిజామియా అబ్జర్వేటరీ అంతర్జాతీయ నక్షత్ర పటం కోసం ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను నమోదు చేసింది. అది మహత్తరమైన శ్రమ. అయితే ఫొటో పలక మీది స్థానం పక్కకు జరిగే చలనాన్నే పట్టిస్తుంది. మన వైపు వస్తోందా, దూరమవుతోందా అన్నది గీతలు చెబుతాయి. దగ్గరయ్యే వస్తువు గీతలు నీలం వైపు, దూరమయ్యేదాని గీతలు ఎరుపు వైపు జరుగుతాయి.

1917 నాటికి స్లైఫర్ కొలిచిన 25 గెలాక్సీల్లో 21 దూరమవుతున్నాయి. 1927లో బెల్జియం శాస్త్రవేత్త లెమైట్ర దీన్ని విస్తరణగా వివరించాడు. దూరం పెరిగేకొద్దీ వేగమూ పెరుగుతుందని 1929లో హబుల్ చూపించాడు. ఘనత ఎవరిదన్న వాదన నేటికీ ఉంది. 2018లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఈ దూరం-వేగం సంబంధాన్ని హబుల్-లెమైట్ర నియమంగా పిలవాలని సిఫారసు చేసింది. స్లైఫర్ పేరు అందులో చేరకపోవడం అన్యాయమే. హబుల్ లెక్కలో మెగాపార్సెక్‌కు, అంటే సుమారు 32.6 లక్షల కాంతి సంవత్సరాలకు, వేగం సెకనుకు 500 కిలోమీటర్లు. ఇప్పటి కొలతల్లో అది 67 నుంచి 73 దాకా ఉంది. ఈ లెక్కన ఆండ్రోమెడా దూరానికి విస్తరణ వాటా సెకనుకు 56 కిలోమీటర్లు మించదు. మన పాలపుంత, ఆండ్రోమెడా అనే రెండు పెద్ద గెలాక్సీల పరస్పర ఆకర్షణ ముందు అది నిలవదు. 300 కిలోమీటర్లలో కూడా చాలా భాగం పాలపుంతలో సూర్యుడి సొంత పరుగే. అది తీసేస్తే గెలాక్సీల అసలు దగ్గరింపు 110 ప్రాంతంలో ఉంటుంది. ఇది ఇరుగుపొరుగు వ్యవహారం, దీన్ని బట్టి విశ్వమంతా కుంచించుకుపోతోందని అనలేం.

ఇంతకన్నా గట్టి ఆక్షేపణ ఇంకొకటి ఉంది: ఎరుపు వైపు జరగడం చలనం వల్ల కాకుండా, కోట్ల ఏళ్ల ప్రయాణంలో కాంతి శక్తి కోల్పోవడం వల్ల కావచ్చు కదా? 1929లోనే జ్విక్కీ ఇలాంటి ఊహ చేశాడు. దీన్ని పరీక్షించే వీలుంది. కాంతి కేవలం అలసిపోతే రంగు మారుతుంది, ఘటనల నిడివి మారదు. విస్తరణ నిజమైతే తరంగదైర్ఘ్యం రెట్టింపైన కాంతి మోసుకొచ్చే ఘటన కూడా రెట్టింపు కాలం పట్టాలి, దగ్గరలో 20 రోజుల్లో జరిగే వెలుగు మార్పు అక్కడ 40 రోజులు సాగాలి. సుమారు 1,500 సూపర్‌నోవాల, అంటే పేలిపోయే నక్షత్రాల, మీద 2024లో వెలువడిన అధ్యయనం సరిగ్గా ఈ సాగుదలనే చూసింది. ఉష్ణోగ్రత మరో సాక్షి: వ్యాకోచించే విశ్వం కాలంతో చల్లబడాలి. ఆరంభపు వేడికి అవశేషమైన విశ్వ నేపథ్య వికిరణం ఉష్ణోగ్రత ఇప్పుడు 2.7 కెల్విన్లు. పుణెలోని అయుకాకు చెందిన ఆర్. శ్రీఆనంద్, సహచరులు చిలీలోని దుర్భిణితో, కాంతి 3.4 రెట్లు సాగివచ్చేంత దూరపు మేఘాన్ని పరిశీలించి, అప్పటి ఉష్ణోగ్రత సుమారు 9.15 కెల్విన్లని 2008లో ప్రకటించారు. విస్తరణ సిద్ధాంతం చెప్పేది దాదాపు అంతే. హీలియం సంగతీ ఇలాంటిదే. విశ్వంలోని సాధారణ పదార్థపు ద్రవ్యరాశిలో దాదాపు పావు వంతు అదే. నక్షత్రాలు అంత వండలేవు, ఆరంభంలో విశ్వమంతా వేడిగా, దట్టంగా ఉంటేనే ఆ లెక్క కుదురుతుంది.

ముందు ముందు సంకోచం మొదలవదా? పదార్థం తగినంత ఎక్కువగా ఉంటే ఆకర్షణ విస్తరణను ఆపి వెనక్కి లాగగలదు. ఒకప్పుడు చర్చ అంతా ఈ సాంద్రత చుట్టూనే తిరిగింది. 1998లో దూరపు సూపర్‌నోవాలు అనుకున్నదానికన్నా మసకగా కనిపించి, విస్తరణ వేగం పెరుగుతోందని తేలింది. పెర్ల్‌మట్టర్, ష్మిట్, రీస్‌లకు 2011 నోబెల్ ఇందుకే వచ్చింది. ఈ త్వరణానికి కారణంగా చెప్పే డార్క్ ఎనర్జీ కాలంతో బలహీనపడుతోందేమోనన్న సూచనలు 2024, 2025ల్లో గెలాక్సీల దూరాలు కొలిచే డెసి సర్వే నుంచి వచ్చాయి. కొత్త భౌతిక సూత్రాన్ని ఒప్పుకోవడానికి అడిగే నిశ్చయ స్థాయిని అవి ఇంకా దాటలేదు. దాటినా, బలహీనపడటం వేరు, దిశ మారి లోపలికి లాగడం వేరు. విస్తరణ ఆగి వెనక్కి తిరగాలంటే ఆ రెండోది జరగాలి, దానికి ఇప్పటిదాకా ఏ కొలతా ఆధారం చూపలేదు.